స్టీరింగుకు వేడి పెట్టుకునే ముందు

అల్లుడూ,

నీ 2011 నిస్సాన్ లీఫ్ కరెంటు కారుకు వేడి స్టీరింగు బిగించుకుంటానని రాసినావు. మీ అత్త ఒకటే నవ్వు. ఈడ అనంతపురంలో ఏప్రిల్ వచ్చిందంటే ఎండలో నిలిపిన కారు స్టీరింగు మీద తడిగుడ్డ వేస్తే గానీ చెయ్యి పెట్టలేం. అయినా మినియాపొలిస్ చలికి నీ ఆలోచన సరైనదే. పెట్రోలు బండికి ఇంజను వేడి ఊరికే వస్తుంది, నీ బండికి ఆ భాగ్యం లేదు. హీటరు 4 కిలోవాట్లు లాగిందంటే 24 యూనిట్ల బ్యాటరీలో ఆరో వంతు గంటకే ఖాళీ, అదీ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పటి లెక్క. స్టీరింగుకైతే 60 వాట్లు చాలు.

స్టీరింగు వీల్ దొరకడం కష్టం కాదు. వేడి స్టీరింగు 2012 మోడల్‌తో వచ్చింది, మీ ఊరి గుజిరీలో అడుగు. దాని లోపలి హీటరు తీగకు మల్టీమీటరు పెడితే కొద్ది ఓమ్స్ చూపించాల. ఏమీ చూపకుంటే తీగ తెగిందని అర్థం. ఎయిర్ బ్యాగు మాత్రం నీ బండిదే వాడు. దానికి మల్టీమీటరు పొరపాటున కూడా తగిలించొద్దు.

తిరకాసంతా క్లాక్ స్ప్రింగులో ఉంది. స్టీరింగు వెనకాల చుట్టలా ఉండే పలచని పట్టీ అది, తిప్పేకొద్దీ చుట్టుకుంటా విప్పుకుంటా ఉంటుంది. హారన్, ఎయిర్ బ్యాగు తీగలు అందులోంచే పోతాయి. హారన్ తీగ రిలేను, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చిని, కదిలించే పాటిదే. "దాంట్లోనే కలిపేద్దాం బ్రదర్" అనే మెకానిక్కు అక్కడా ఉంటాడు, వాని మాట వినొద్దు. స్టీరింగు హీటరుకు కావాల్సిన 5 ఆంపులు అందులోంచి పంపితే ఎయిర్ బ్యాగు తీగ పక్కనే అది కాలుతుంది. అందుకే వీల్‌తో పాటు అదే బండి క్లాక్ స్ప్రింగు కూడా కొను. రెండూ కలిసి దొరక్కుంటే ఇంకొన్నాళ్లు ఆగు, గ్లవ్స్ తొడుక్కో.

విప్పే రోజు ముందు చక్రాలు నేరుగా పెట్టు. బండి ఆపి, చార్జింగు తీగ పీకి, 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీసెయ్. మాన్యువల్ 3 నిమిషాలు ఆగమంటుంది. నువ్వు టీ తాగి రా. ఎయిర్ బ్యాగు కంట్రోల్ యూనిట్‌లో దాచుకున్న కరెంటు ఇంకిపోవాల. ఊడదీసినాక ఎయిర్ బ్యాగు ముఖం పైకి ఉండేటట్టు పెట్టు, బోర్లించొద్దు. స్టీరింగు వీల్‌కూ దాని ఇరుసుకూ గుర్తు గీసుకో. కొత్త క్లాక్ స్ప్రింగును చేతిలో తిప్పి చూసే సరదా వద్దు. నడిమధ్య తప్పితే మొదటి పూర్తి మలుపులోనే తెగుతుంది.

కరెంటుకు 10 ఆంపుల ఫ్యూజుతో వేరే లైను లాగు, బండి ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేసే రిలే పెట్టు. లేకుంటే రాత్రంతా 12 వోల్టుల చిన్న బ్యాటరీని తాగేస్తుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా పొద్దున బండి లేవదు. నారింజ రంగు తీగల జోలికి పోవద్దు, అవి పెద్ద బ్యాటరీ హై వోల్టేజీవి.

అంతా అయినాక ఎయిర్ బ్యాగు లైటు కొద్ది సెకన్లు వెలిగి ఆరాల. ఆరకుంటే తోలొద్దు, సర్వీసు వాళ్లను పిలిపించు. స్టీరింగు నట్టు ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది, ఆ పేజీ ఫోటో నాకు వాట్సాప్ చెయ్. పాత నట్టు మళ్లీ వాడొచ్చో లేదో కూడా అందులోనే చూసి చెప్తా.

మీ మామ