డిటర్జెంట్ మానేసి ఇంటి పనులన్నీ కుంకుడుకాయలతో నడపొచ్చా?

డిటర్జెంట్ పౌడర్‌తో చేతులు పగులుతున్నాయి, ఇంట్లో బోరు నీళ్లు, ఉన్నది ఫ్రంట్ లోడ్ మెషీన్, బట్టలకీ ఇంటి శుభ్రానికీ పూర్తిగా కుంకుడుకాయలకి మారిపోవచ్చా అని అడిగారు. పూర్తిగా వద్దండీ, సగం మారండి. మా ఇంట్లో చాలా ఏళ్లుగా అలాగే నడుస్తోంది. ఏ సగం అన్నదే తెలుసుకోవాలి.

కుంకుడు తొక్కలో సపోనిన్లు ఉంటాయి. నురగ వచ్చేదీ, మురికి వదిలేదీ వాటివల్లే. గింజతో పని లేదు, తీసి పారేయాలి. (ఆ గింజని గచ్చుకేసి గట్టిగా రుద్ది పక్కవాడి చేతికి చురక పెట్టని పిల్లలు మా వీధిలో లేరు.) బోరు నీళ్లలో మామూలు సబ్బు కాల్షియంతో కలిసి తెట్టులా పేరుకుంటుంది. కుంకుడుకి ఆ బాధ తక్కువ. మీ నీళ్లకి ఇది నప్పుతుంది.

మెషీన్ విషయానికొస్తే, గుడ్డ సంచిలో నాలుగు తొక్కలు కట్టి డ్రమ్ములో పడేస్తే చాలని వీడియోల్లో చెబుతుంటారు. చన్నీళ్ల వాష్‌లో ఆ తొక్క నానేలోపే ఉతుకు అయిపోతుంది. రసం విడిగా తీసుకోవాల్సిందే. కాయలు చితక్కొట్టి గింజలు తీసి, గుప్పెడు తొక్కలు లీటరు వేడినీళ్లలో రాత్రి నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లతోనే పావుగంట సన్నటి సెగ మీద మరిగించండి. పొంగుతుంది, పెద్ద గిన్నె పెట్టుకోండి. చల్లారాక చేత్తో బాగా పిసికితే తొక్క మెత్తబడి జిగురుగా వస్తుంది, రసం టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. పాత నూలు గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. పిప్పి ముక్క ఒక్కటి మిగిలినా బట్టల మీద గోధుమరంగు చుక్క పడుతుంది. మెషీన్‌కి ఒక గ్లాసుడు పోయండి, గోరువెచ్చటి నీళ్ల సెట్టింగ్ పెట్టండి. నురగ తక్కువే వస్తుంది, కంగారు పడొద్దు. ఈ రసం బయట ఉంచితే రెండు మూడు రోజుల్లో పులిసి వాసనొస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టుకోండి, లేదా ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించుకోండి.

ఇక దీంతో ఏం ఉతకాలి? పట్టుకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. డిటర్జెంట్ పౌడర్లలో క్షారం ఎక్కువ, పట్టుకీ ఉన్నికీ క్షారం పడదు. కుంకుడు రసం కాస్త ఆమ్లం వైపు ఉంటుంది కాబట్టి పట్టు మెరుపు పోదు. చల్లటి నీళ్లలో కొద్దిగా రసం కలిపి, చీరని పైపైన జాడించి, పిండకుండా నీడలో ఆరేయాలి. అంచు రంగు దిగుతుందేమో ముందే ఓ మూల తడిపి చూసుకోండి. సహజ రంగులు వేసిన కలంకారీకీ ఇదే మంచిది. దాని మీద మాత్రం నిమ్మకాయ పొరపాటున కూడా వాడొద్దు. ఆ నలుపు ఇనుము, బెల్లం ఊరేసి చేసిన కసిం నుంచి వస్తుంది, పులుపు తగిలితే వెలిసిపోతుంది. రోజువారీ రంగు కాటన్ బట్టలకి, మరీ మురికి పట్టని వాటికి కుంకుడు సరిపోతుంది.

తెల్ల యూనిఫారాలు, వంటింటి మసిగుడ్డలు, నూనె జిడ్డు, కాలర్ మురికి దీనివల్ల కావు. అవి డిటర్జెంట్‌కే వదిలేయండి, చేతికి గ్లవుజు తొడుక్కోండి. పాత రోజుల్లో అన్నీ కుంకుడుతోనే ఉతికేవారని కొందరు అంటారు గానీ, చాకిరేవులో తెల్లబట్టలకి వాడింది చౌడు మట్టి. అందులో సోడా ఉంటుంది. దాంతో తడిపి బానలో ఉబ్బపెట్టి, బండకేసి బాదితే వచ్చిన తెలుపది. అది ఘాటైన క్షారమే, చేతుల మీద జాలి చూపించే వస్తువేం కాదు. పసుపు మరకకి కుంకుడూ పనిచేయదు, సబ్బు తగిలితే మరక ఎర్రబడుతుంది కూడా. ఉతికాక ఎండలో వేయండి, ఎండకే పసుపు విరుగుతుంది.

గిన్నెల్లో పట్టిన నూనెకి ముందు శెనగపిండి చల్లి బీరపీచుతో రుద్దితే సగం జిడ్డు పీల్చేస్తుంది. ఇత్తడి, రాగి పూజ సామానుకి చింతపండు ఉండనే ఉంది. పులుసు పిండుకున్నాక మిగిలిన పిప్పి చాలు, కొత్తది తగలేయొద్దు. చిటికెడు ఉప్పు వేసి తోమితే చిలుము వదులుతుంది. తోమిన వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవకపోతే మర్నాటికే మళ్లీ నల్లబడతాయి.

బోరు నీళ్ల వల్ల కుళాయిల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది కదా, పిండేసిన నిమ్మచెక్కతో రుద్ది కాసేపు వదిలేస్తే కరుగుతుంది. కానీ అదే పులుపు మార్బుల్‌నీ తింటుంది. కడప బండా, తాండూరు బండా కూడా సున్నపురాళ్లే. గట్టు కడప రాయిదైతే నిమ్మరసం పడ్డ చోట నునుపు పోయి పాలిపోయిన మచ్చ పడుతుంది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. అలాంటి గట్టుకీ నేలకీ బాగా పలచన చేసిన కుంకుడు నీళ్లు వాడండి, చిక్కగా ఉంటే కాలికి జిగురు తగులుతుంది. బాత్రూమ్‌లో క్రిములు చావాలంటే మాత్రం కుంకుడు మీద భరోసా పెట్టుకోకండి. బ్లీచింగ్ పౌడర్ వాడే రోజు నిమ్మరసం, వెనిగర్ దాని దరిదాపులకి రానివ్వొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకి ప్రమాదం.

కుంకుడు రసం కంట్లో పడితే ఎలా మండుతుందో తలంటు పోసుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సపోనిన్లు చేపలకి విషం కాబట్టి ఆ నీళ్లు చేపల తొట్టిలోకీ, కుంటలోకీ పోనివ్వకండి.

కాయలు కిరాణా కొట్లో విడిగా దొరుకుతాయి. ఆంధ్రలో అయితే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో అడిగి చూడండి, మన్యంలో ఏరిన కాయలు వాళ్లు అమ్ముతారు. తొక్క ముడతపడి, నొక్కితే కాస్త జిగటగా ఉన్నవి తీసుకోండి. పొడి కొనొద్దు, గింజతో సహా ఆడించారో లేదో మనకి తెలీదు.

చేతుల సంగతి: కుంకుడు కూడా చర్మంలో జిడ్డు లాగేస్తుంది, పొడిబారుస్తుంది. ఉతికాక కొబ్బరినూనె రాసుకోండి. ఒక నెల చూశాక కూడా పగుళ్లు తగ్గకపోతే కారణం పౌడర్ కాకపోవచ్చు, చర్మం డాక్టర్‌కి చూపించుకోండి.