తొమ్మిదేళ్ళ పాపకు ట్యూడర్ రాజుల చరిత్ర

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో ఒక ఇంటర్నేషనల్ స్కూల్‌లో నాలుగో తరగతి చదువుతోంది. ఈ టర్మ్‌లో ఇంగ్లండును పాలించిన ట్యూడర్ వంశం పాఠం వచ్చింది. ఎనిమిదవ హెన్రీ ఆరుగురు భార్యలకు ఏ గతి పట్టిందో చెప్పే ఇంగ్లీషు రైమ్ వల్లె వేస్తూ, ఇద్దరి తలలు ఎందుకు నరికించాడని పడుకోబోయే ముందు అడుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు చెప్పాలి?
– ఒక తల్లి, మారతహళ్ళి

జవాబు: అమ్మా, భార్యల దగ్గర మొదలుపెడితే హెన్రీ కథల్లోని రాక్షసుడిలా కనిపిస్తాడు, పాపకు భయం మిగులుతుంది గాని చరిత్ర మిగలదు. అతని తండ్రి దగ్గర మొదలుపెట్టండి. సింహాసనం మీద చెప్పుకోదగ్గ వంశహక్కు లేని ఏడవ హెన్రీ 1485లో బాస్వర్త్ యుద్ధంలో మూడవ రిచర్డ్‌ను ఓడించి రాజయ్యాడు. మరుసటి ఏడాది ఎదుటి పక్షమైన యార్క్ వంశపు ఎలిజబెత్‌ను పెళ్ళాడి, తన పక్షపు ఎర్ర గులాబీని, యార్క్ పక్షపు తెల్ల గులాబీని కలిపి ఒకే రాజచిహ్నం చేసుకున్నాడు. యుద్ధంలో గెలుచుకున్న కిరీటాన్ని ఇంకెవరైనా యుద్ధంలోనే లాక్కుంటారేమోనన్న దిగులు ఆ వంశాన్ని మొదటినుంచీ వెంటాడింది. మగబిడ్డ కోసం ఎనిమిదవ హెన్రీ పడిన ఆరాటానికి మూలం అక్కడుంది.

కాలం పాపకు అందాలంటే మనవాళ్ళను పక్కన నిలబెట్టండి. ఎనిమిదవ హెన్రీ గద్దెనెక్కిన 1509లోనే శ్రీకృష్ణదేవరాయలు విజయనగర సింహాసనం అధిష్ఠించారు. రాయలవారు తన చిన్నారి కొడుకు తిరుమలరాయలకు ముందుగానే పట్టం కట్టినా ఆ బిడ్డ దక్కలేదు. 1529లో రాజ్యం సోదరుడైన అచ్యుతరాయలకు వెళ్ళింది. వారసుడి బెంగ ఇంగ్లండుకే ప్రత్యేకమైనది కాదని దీనితో తెలుస్తుంది. ఇక హెన్రీకి కొడుకు ఎడ్వర్డ్ పుట్టిన 1537వ సంవత్సరాన్నే కెంపేగౌడ బెంగళూరుకు పునాది వేసిన ఏడాదిగా చెప్పుకుంటారు. మీ ఊళ్ళో పుట్టిపెరుగుతున్న పిల్లకు ఈ ఒక్క తేదీ గుర్తుంటే తక్కినవి దాని చుట్టూ సర్దుకుంటాయి.

మతం సంగతి దాటవేయకండి. మగబిడ్డ దక్కకపోవడంతో మొదటి భార్య క్యాథరిన్‌తో వివాహం చెల్లదని ప్రకటించమని హెన్రీ కోరితే పోప్ ఒప్పుకోలేదు. ఆమె మేనల్లుడు చక్రవర్తి అయిదవ చార్లెస్ అప్పట్లో ఇటలీలో ఎంత బలవంతుడో తెలిస్తే ఆ నిరాకరణ వింతగా అనిపించదు. దాంతో 1534లో ఇంగ్లండు చర్చికి రాజే అధిపతి అని పార్లమెంటు చట్టం చేసింది. శివాజీనగర్‌లోని సెయింట్ మేరీస్ బసిలికా కాథలిక్కులది, ఎం.జి. రోడ్డులోని సెయింట్ మార్క్స్ కెథెడ్రల్ ఆంగ్లికన్, అంటే ఆ ఇంగ్లండు చర్చి, సంప్రదాయంలోంచి వచ్చింది. ఆదివారం ఆ రెండూ చూపించి ఈ మాట చెబితే చాలు, చట్టం పేరు కంఠస్థం చేయనక్కర్లేదు.

మరణశిక్షల గురించి అబద్ధం చెప్పవద్దు, వర్ణించవద్దు. ఆన్ బొలీన్‌కు 1536లో, క్యాథరిన్ హోవర్డ్‌కు 1542లో రాజద్రోహం పేరిట మరణశిక్ష పడిందనీ, ఆన్‌పై మోపిన నేరాలను నేటి చరిత్రకారులు చాలామంది నమ్మరనీ చెప్పండి. రాజు చేసింది అన్యాయమా అని పాప అడిగితే, అన్యాయమే అనండి. తల్లి ఆన్‌ను చంపేనాటికి ఆమె కూతురు ఎలిజబెత్‌కు మూడేళ్ళు కూడా నిండలేదన్నది ఆ వెంటనే చెప్పవలసిన మాట, ఎందుకంటే కథ ఇక ఆ పిల్లదే. తొమ్మిదేళ్ళకే రాజైన ఎడ్వర్డ్, కొన్ని రోజుల రాణి జేన్ గ్రే, సుమారు మూడువందల మంది ప్రొటెస్టెంట్లను దహనం చేయించిన మేరీ (హెన్రీ పెద్ద కూతురు), ఈ ముగ్గురినీ ఈ వయసులో క్లుప్తంగా దాటిపోవచ్చు.

ఎలిజబెత్ దగ్గర ఆగండి. 1588లో స్పెయిన్ నౌకాదళం మీద గెలుపును గుర్తుచేసే ఆమె చిత్రపటం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, రాణి కుడిచేయి దేనిమీద ఉందో వెతకమనండి: అది భూగోళం మీద ఉంటుంది. వెనకనున్న రెండు కిటికీల్లో ఒకదానిలో ప్రశాంతమైన సముద్రంపై ఇంగ్లీషు ఓడలు, రెండోదానిలో తుఫానులో చిక్కిన స్పెయిన్ ఓడలు కనిపిస్తాయి. మగబిడ్డ కోసం అంత రగడ చేసిన వంశానికి చివరికి పేరు తెచ్చింది కూతురేనని పిల్లలు ఆ పటం చూసి తామే అంటారు. కాకతి గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి ఇంతకు మూడువందల ఏళ్ళ ముందే ఓరుగల్లును ఏలిందని మీరు కలపండి.

ప్రశ్న: మనల్ని పాలించింది ఈ ఎలిజబెత్ రాణేనా అని మా అబ్బాయి అడిగాడు. నిజమేనా?
– ఒక తండ్రి, జయనగర్

జవాబు: కాదు. 1961లో లాల్‌బాగ్‌కు వచ్చి మొక్క నాటిన రాణి రెండవ ఎలిజబెత్. అప్పటికే మనం స్వతంత్రులం. మొదటి ఎలిజబెత్ చేసిందల్లా 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి తూర్పు దేశాల వ్యాపారానికి అనుమతిపత్రం ఇవ్వడం. ఆమె అవివాహితగానే 1603లో మరణించడంతో ట్యూడర్ వంశం అంతమైంది. కంపెనీ వారు మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్న 1611 నాటికి లండన్‌లో స్టువర్ట్ వంశపు మొదటి జేమ్స్ ఏలుతున్నాడు.