కొత్త కారు కొన్న మా చిన్నాకి

ఒరేయ్ చిన్నా,

కారు ఫొటో చూశాను. 2016 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్టీఐ, నీలం రంగు, బాగుంది. నాలుగు తలుపులున్నాయి కదా అని వదినకు ఫ్యామిలీ కారని చెప్పావట! సరేలే. నాకు నచ్చనిది, కింద నువ్వు రాసిన ముక్క: "305 హార్స్‌పవర్‌ని 400 చేయిస్తా బాబాయ్."

నేనూ ఆ పిచ్చిలో పడినవాణ్ణే. నాకున్నదీ అదే 2.5 లీటర్ల టర్బో ఇంజిన్. ఒక షాపువాడు లాప్‌టాప్ తగిలించి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి, ఒక్క పూటలో ఎక్కువ పవర్‌కి ట్యూన్ చేసిచ్చాడు. రెండు నెలలు గాల్లో తేలాను. ఒకరోజు పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లోంచి నీలంగా పొగ. కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయిస్తే మూడు సిలిండర్లు 140 పీఎస్ఐ దగ్గర ఉన్నాయి, నాలుగోదాంట్లో గేజి ముల్లు 90 దగ్గరే వణుకుతూ ఆగిపోయింది. ఇంజిన్ విప్పి చూస్తే పిస్టన్‌కి రింగు కూర్చునే అంచు విరిగి ఉంది. ఈ ఇంజిన్‌కి బలహీనమైన చోటు అదే. నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోల్ వేళకాని వేళ పేలడం, మొదలైతే ముందు పోయేది అక్కడే.

పైగా నువ్వుండేది కాలిఫోర్నియాలో. అక్కడ బంకుల్లో ప్రీమియం అంటే 91 ఆక్టేన్ (నాకింగ్‌ని పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె). టెక్సస్ కుర్రాడెవడో 93 ఆక్టేన్‌కి రాయించుకున్న ట్యూన్ ఫైలు తెచ్చి ఎక్కించావో, నాకింగ్‌ని నువ్వే పిలిచినట్టు. స్మాగ్ టెస్ట్ (పొగ పరీక్ష) సంగతి సరేసరి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి అసలు పోకు.

కంపెనీవాళ్ళు ఏం చేశారో చూడు. 2018 మోడల్‌లో పవర్ ముట్టుకోలేదు. ముందు చక్రాలకు నాలుగు పిస్టన్ల బ్రేక్ కాలిపర్లు (ప్యాడ్లని నొక్కేవి) తీసేసి ఆరు పిస్టన్ల బ్రెంబో కంపెనీవి పెట్టారు. ముందు, వెనక చక్రాలకు పవర్ పంచే సెంటర్ డిఫరెన్షియల్‌ని పూర్తిగా ఎలక్ట్రానిక్ చేశారు, స్టీరింగ్ తిప్పగానే కారు మాట వినాలని. పవర్ పెంచింది 2019లో, అదీ 5 హార్స్‌పవర్! ఇంజిన్ కన్నవాళ్ళకే అంత భయముంటే నీకెందుకురా తొందర?

ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించు. అది తేమ పీల్చుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి మరిగిందంటే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, గుండె జారిపోతుంది. మంచి ప్యాడ్లు కూడా వేయించు. తర్వాత టైర్లు, నాలుగూ ఒకే రకం, ఒకేసారి. పంక్చరైంది కదా అని అరిగిన మూడింటి పక్కన ఒక్కటే కొత్తది వేస్తే చక్రాలు తలోవేగంతో తిరిగి ఆ డిఫరెన్షియల్ రోజంతా నలుగుతుంది. రెండుసార్లు పెట్రోల్ పోయిస్తే ఒకసారైనా, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూడు. ఈ ఇంజిన్లు ఆయిల్ తాగుతాయి. టైమింగ్ బెల్టు 1,05,000 మైళ్ళకి మార్చాలని రాసుంటుంది, పాత ఓనరు మార్చిన బిల్లుంటే అడిగి తీసుకో.

ఈ శనివారం కంప్రెషన్ టెస్ట్ చేయించి, నాలుగు రీడింగులూ కాగితం మీద రాసి ఫొటో పంపు. 400 సంగతి అవి చూశాక మాట్లాడదాం.

మీ బాబాయి