తాతగారిని కథలోంచి పంపించెయ్

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఆ ఉడత భలే కుదిరింది, కానీ చివర్లో తాతగారు వచ్చి కూర్చుని అబద్ధం ఆడకూడదని చెప్పడం మొదలుపెట్టగానే ఉడత కాస్తా మాయమైపోయింది, నాకు మనసు చివుక్కుమంది. అందుకే ఏనో రావుద్ అనే పిల్లల రచయిత గురించి చెప్తున్నా, వెతుక్కుని మరీ చదువు.

ఎస్టోనియా ఆయనది, మొత్తం జనాభా 13 లక్షలకి అటూఇటూ ఉండే దేశం. 1928లో టార్టులో పుట్టాడు, 1996లో పోయాడు. తండ్రి మార్త్ రావుద్ రచయిత, భార్య ఐనో పెర్విక్ కూడా పిల్లల రచయిత్రే, కూతురు పిరెత్ పిల్లల పుస్తకాలు రాస్తుంది, బొమ్మలూ వేస్తుంది. సోవియట్ పాలనలో రాసిన మనిషి, పిల్లలకి బుద్ధులు చెప్పడానికి కావలసినన్ని సాకులున్న కాలం అది.

1972లో ఆయన పిల్లల పుస్తకం 'నక్సిత్రల్లిద్' మొదటి భాగం వచ్చింది. ముగ్గురు చిన్న మనుషులు ఐస్‌క్రీమ్ బండి దగ్గర కలుస్తారు. ఒకడి గడ్డమంతా నాచు, అందులో ఎర్రటి పళ్ళు కూడా కాస్తాయి. ఇంకొకడు కాలివేళ్ళు ఆడించుకోడానికి బూట్ల ముందు భాగం కోసేసుకున్నాడు. మూడోవాడు ముహ్వ్, ఎర్ర వ్యాన్‌లోనే కాపురం, అడ్రసు లేదు, ఉత్తరం రాసేవాళ్ళూ లేరు, అందుకని తనకి తనే ఉత్తరాలు రాసుకుని పోస్టాఫీసుకి వెళ్ళి తెచ్చుకుంటాడు. ఒంటరితనం అంటే ఇదీ అని రావుద్ ఎక్కడా వివరించడు చూడు, పోస్టాఫీసు చూపించి ఊరుకుంటాడు, అయినా ఏడేళ్ళ పిల్లకి కూడా అర్థమైపోతుంది.

పిల్లుల సంగతి ఇంకా బాగుంటుంది. ఊళ్ళో పిల్లుల గోల ఎక్కువైందని వీళ్ళు మంచి మనసుతోనే వాటిని ఊరు దాటిస్తారు, దాంతో ఎలుకలు విజృంభిస్తాయి, మళ్ళీ పిల్లులు కావాల్సొస్తుంది. మంచిపని కూడా బెడిసికొట్టొచ్చు అనేంత పెద్ద విషయం, పిల్లలు పడీపడీ నవ్వుతూ చదివేస్తారు, నాకైతే ఆయన్ని గొప్పవాడనడానికి ఈ ఒక్కటి చాలు.

అంతకుముందు 1962లో 'సిప్సిక్' రాశాడు, చెల్లెలి పుట్టినరోజుకి అన్న కుట్టిన గుడ్డబొమ్మ కథ. ఆ బొమ్మ వాడు అనుకున్నంత బాగా రాదు, అలా వంకరగా వచ్చిన బొమ్మే మాట్లాడుతుంది. ఈ రెండు పుస్తకాలకీ బొమ్మలు వేసింది ఎడ్గర్ వాల్టర్, అవి కూడా తీరిగ్గా చూడు, ఎంత రాయాలి, ఎంత బొమ్మకి వదిలెయ్యాలి అనేది అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు నీ ఉడత దగ్గరికొద్దాం. అది అబద్ధం ఎందుకు ఆడింది? ఆకలా, భయమా, పక్క ఉడత ముందు గొప్పలకా? ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోడానికి తర్వాత ఏం చెయ్యాల్సొచ్చింది? అది రాయి. రాశాక మీ ఇంట్లో పిల్లలకి పైకి చదివి వినిపించు, ఎక్కడ అటూఇటూ కదులుతారో ఆ లైను పక్కన పెన్సిల్‌తో గీత పెట్టు, బాగుందా అని మాత్రం అడక్కు, మొహమాటానికి బాగుందనేస్తారు. ఆ గీతలున్న కాపీనే దసరా సెలవుల్లోపు నాకు పంపు, ఫెయిర్ చెయ్యకు.

ప్రేమతో,
అక్క