‘ప్లేటు ఇడ్లీ’, ‘ఇడ్లీ ప్లేటు’: ప్లేటు పాత్ర పేరా, తిండి పేరా?

సందేహం: కావలిలో మా తమ్ముడు భోజన హోటలు పెడుతున్నాడు. బోర్డు రాసే ఆయన ‘ప్లేట్ మీల్స్’, ‘ఫుల్ మీల్స్’ అని రాస్తానంటున్నాడు. ఫుల్ మీల్సు కూడా ప్లేటులోనే పెడతారు కదా, ఆ పేరు ఒక్కదానికే ఎందుకు? ఇంతకీ ప్లేటు అనేది పాత్ర పేరా, తిండి పేరా? ‘ప్లేటు ఇడ్లీ’ సరైనదా, ‘ఇడ్లీ ప్లేటు’ సరైనదా? ‘పళ్లెం భోజనం’ అని తెలుగులోనే రాయిస్తే బాగుండదా? (ఒక పాఠకురాలు, కావలి)

సమాధానం: ‘ప్లేటు ఇడ్లీ’, ‘ఇడ్లీ ప్లేటు’ రెండూ సరైన ప్రయోగాలే. అయితే ఒకదాని స్థానంలో మరొకటి చెల్లదు. తెలుగులో ప్లేటుకు పాత్ర అనే అర్థం ఒకటి, ఒక ధర కట్టి ఒక్కసారిగా ఇచ్చే వడ్డన అనే అర్థం ఒకటి స్థిరపడ్డాయి. వాక్యంలో ఏ అర్థం ఉద్దేశించామో ఆ మాట నిలిచిన చోటును బట్టి తెలిసిపోతుంది. ఈ ఏర్పాటు ఇంగ్లీషు నుంచి వచ్చింది కాదు. కొలతను ముందు చెప్పి, కొలిచే వస్తువును తరువాత చెప్పడం తెలుగుకు మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ‘గిన్నె పప్పు’ అంటే గిన్నెకు పట్టినంత పప్పు, ‘పప్పు గిన్నె’ అంటే పప్పు ఉన్న గిన్నె, లేదా పప్పుకు వాడే గిన్నె. ‘గ్లాసు మజ్జిగ’ తాగుతాము, ‘మజ్జిగ గ్లాసు’ కడుగుతాము. ప్లేటు మన భాషలోకి వచ్చాక ఈ వరుసలోనే కూర్చుంది.

మీ తమ్ముడి హోటల్లోనే ఈ తేడా రోజూ వినిపిస్తుంది. బల్ల దగ్గర కూర్చున్నవారు ‘ప్లేటు ఇడ్లీ’ అడుగుతారు. లోపల వంట మనిషి ‘ఇడ్లీ ప్లేట్లు’ కడిగించి, నూనె రాసి, పిండి వేసి, ఆవిరి పాత్రలో దించుతాడు. గుంటలున్న ఆ పలకలనే ఇళ్లలో ఇడ్లీ రేకులు అంటాము. ఒకరు తినేది, మరొకరు తోమించేది. మాటలు అవే, క్రమం తారుమారైతే వస్తువే మారిపోతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉందని మీకు తోచవచ్చు: సప్లయరు లోపలికి కేక వేసేటప్పుడు ‘ఇడ్లీ రెండు ప్లేట్లు’ అంటాడు కదా, అక్కడ ఇడ్లీ ముందే వచ్చింది కదా అని. నిజమే కాని, మధ్యలో సంఖ్య వచ్చిందని గమనించండి. కిరాణా చీటీలో ‘బియ్యం అయిదు కిలోలు, కందిపప్పు రెండు కిలోలు’ అని రాసే పద్ధతి ఇది, కనుక ఇందులోనూ ప్లేటు కొలతే. అదే సంఖ్యను ముందుకు తెచ్చి ‘రెండు ఇడ్లీ ప్లేట్లు’ అంటే మాత్రం పాత్రల కొట్టుకు వెళ్లవలసిందే. రాతలో ‘రెండు ప్లేట్ల ఇడ్లీ’ అని షష్ఠీ విభక్తి చేసి రాయడం మంచిది. మాటలో ‘రెండు ప్లేట్లు ఇడ్లీ’ అనేవారే ఎక్కువ, దానిని తప్పు పట్టవలసిన పని లేదు.

‘ప్లేటు’ను కొలత అన్నాను కాని, అది సోల, తవ్వ, మానిక వంటి కొలత కాదు. పాత్రకు పట్టినంత అని చెప్పడానికి తెలుగులో ‘ఎడు’ అనే ప్రత్యయం ఉంది: దోసెడు, చారెడు, గంపెడు, కడివెడు, సోలెడు. అరువు మాటలకు కూడా దీనిని చేర్చి గ్లాసెడు నీళ్లు, బకెట్టెడు నీళ్లు అంటున్నాము. ప్లేటుకూ ఇది చేరుతుంది, కాని చేరిన వెంటనే అర్థం జరుగుతుంది. ‘ప్లేటెడు పకోడీలు తిన్నాడు’ అంటే ప్లేటు నిండా, రాసిగా పోసినన్ని తిన్నాడని. అందులో కాస్త ఆశ్చర్యమో ఆక్షేపణో ధ్వనిస్తుంది. ‘ప్లేటు పకోడీ తిన్నాడు’ అంటే హోటలువారు ఒక ప్లేటుగా లెక్క కట్టి ఇచ్చినన్ని తిన్నాడని మాత్రమే. ఒక హోటల్లో ప్లేటు ఇడ్లీ అంటే రెండు, మరొక చోట మూడు, బస్టాండు పక్క బండి దగ్గర నాలుగు కావచ్చు. పాత్ర పరిమాణానికీ దీనికీ సంబంధం లేదు, ఎంత ఇవ్వాలో నిర్ణయించేది అమ్మేవాడు. అందుకే కాగితంలో పొట్లం కట్టించుకొని ఇంటికి తీసుకుపోయేవారు కూడా ‘రెండు ప్లేట్ల పునుగులు కట్టండి’ అంటారు. ప్లేటు అక్కడ లేనే లేదు, లెక్క మాత్రం ప్లేట్లలోనే నడుస్తుంది.

లెక్కకే ఏర్పడిన మాట కనుకనే, విడిగా లెక్కపెట్టడానికి వీలున్న తిండికి ప్లేటు అక్కరలేదు. నెల్లూరు కారం దోసెను ఎవరూ ప్లేట్లలో అడగరు, ‘ఒక కారం దోసె’ అంటే చాలు. చేపల పులుసుకు ముక్కే లెక్క. టీకి కప్పు కూడా అవసరం లేకుండా ‘రెండు టీలు’ అనేస్తున్నాము. వచనం విషయంలోనూ ఒక చిన్న విశేషం ఉంది: ‘ప్లేటు వడ’, ‘ప్లేటు పూరి’ అని ఏకవచనంలో అంటాము, ‘ప్లేటు పునుగులు’ అని బహువచనంలో అంటాము. పునుగు అని ఏకవచనంలో దానిని పిలిచే అవసరం హోటల్లో ఎన్నడూ రాదు, ఆ వంటకం పేరే పునుగులు.

పాత్ర పేరు చెప్పి, అందులోని పదార్థాన్నో, దాని ముందు కూర్చున్న మనిషినో ఉద్దేశించడం ఇంగ్లీషు చలవ అని కొందరు అనుకుంటారు. కాని మన ఆలంకారికులు దీనిని లక్షణ అన్నారు. ‘మంచాః క్రోశంతి’ అనేది శాస్త్రగ్రంథాలలో పదే పదే కనిపించే ఉదాహరణ. మంచెలు కేకలు వేస్తున్నాయని దాని అర్థం. కేకలు వేసేది మంచెల మీద ఉన్నవారని వినేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మన పెళ్లి విందులలో ‘మొదటి బంతికి రెండు వందల విస్తళ్లు లేచాయి’ అంటే తిని లేచినవారు రెండు వందల మంది అనే కదా. ఈనాడు కేటరింగువారితో ‘అయిదు వందల ప్లేట్లు చెప్పాము, ప్లేటుకు ఇంత’ అని మాట్లాడుకొంటున్నాము. విస్తరి పోయి ప్లేటు వచ్చింది, లక్షణ మాత్రం చెక్కుచెదరలేదు. క్యారియరు నుంచి మనం చేసుకొన్న ‘క్యారేజీ’ ఇంతకన్నా ముందుకు పోయింది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో పొలానికో ఆఫీసుకో వెళ్లేవారిని ‘క్యారేజీ తెచ్చుకొన్నావా?’ అని అడిగితే అది పాత్రా కావచ్చు, అన్నమూ కావచ్చు, ‘క్యారేజీ తినేశావా?’ అంటే అన్నమే. ప్లేటు ఇంతదూరం రాలేదు. ‘ప్లేటు తిన్నాను’ అని తెలుగువారు ఎవరూ అనరు, పక్కన తిండి పేరు ఉండి తీరాలి. మీరు అడిగిన ‘తిండి పేరా?’ అనే ప్రశ్నకు, కాదు అని నేను చెప్పడానికి ఇదే ఆధారం.

ఇంగ్లీషులో పాత్రకూ తిండికీ సమానంగా వాడే మాట ‘డిష్’. లాటినులో చక్రం వంటి బల్లపరుపు వస్తువుకు పేరైన ‘డిస్కస్’ దానికి మూలం. ‘డిస్క్’, ‘డెస్క్’ దాని సోదర పదాలే. ‘ప్లేట్’ కూడా చదునుతనం తెలిపే ధాతువు నుంచి వచ్చి, మొదట లోహపు రేకుకు, తరువాత భోజనపాత్రకు పేరైంది. మన ఇడ్లీ రేకును ప్లేటు అనడంలో ఆ పాత అర్థమే కనిపిస్తుంది. తెలుగు ఇళ్లలో డిష్ పాత్రగా నిలవలేదు. టీవీ వంటల కార్యక్రమాలలో వంటకంగాను, డాబా మీద గొడుగు యాంటెన్నాగాను మిగిలింది. హోటల్లో దాని పని ‘ఐటం’ చేస్తున్నది.

ఇక పళ్లెం సంగతి. ప్లేటుకు పళ్లెం సమానార్థకమని నిఘంటువులు చెప్పినా, వాడుకలో వాటి ఇళ్లు వేరు. హారతికి, తాంబూలానికి, పసుపుకుంకుమలకు పళ్లెం. ఇంట్లో మనిషి తినేది కంచం, అది చాలా ఇళ్లలో ఎవరి కంచం వారిదే. ఒకే కంచం, ఒకే మంచం అనదగిన స్నేహాలను ఒకే ప్లేటు అని చెబితే ఎవరికీ రుచించదు. పాల గిన్నె మీద మూతగా పెట్టేది, పక్కింటి నుంచి వడియాలు వచ్చేది, బంధువులు వస్తే జంతికలు పెట్టి ఇచ్చేది ప్లేటు. నెల్లూరు దాటి చిత్తూరు వైపు పోయేకొద్దీ ‘తట్టలో అన్నం పెట్టు’ అనే మాట వినిపిస్తుంది. కోస్తాలో తట్ట అంటే గంప కనుక, అక్కడి నుంచి వచ్చిన కోడలు మొదటిసారి విని తెల్లబోవడం ఖాయం. కన్నడంలో ‘తట్టె’, తమిళంలో ‘తట్టు’ పళ్లేనికి పేర్లు. కర్ణాటకలోని ‘తట్టె ఇడ్లీ’ని మాటకు మాటగా తెలుగు చేస్తే ప్లేటు ఇడ్లీయే అవుతుంది, కాని అక్కడ తట్టె ఆకారాన్ని చెబుతుంది: పళ్లెమంత వెడల్పుగా ఉడికించిన ఒక్క ఇడ్లీ. మన ప్లేటు ఇడ్లీ ఆకారాన్ని చెప్పదు, లెక్కనే చెబుతుంది.

ప్లేటు ముందు వచ్చే మాట ఎప్పుడూ తిండి పేరే కానక్కరలేదనీ గుర్తుంచుకోవాలి. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కొండ చెట్ల కర్రను చెక్కి చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేసే కళాకారులున్నారు. వారు చేసే ‘చెక్క ప్లేటు’లో మొదటి మాట వెండి కంచం, ఇత్తడి పళ్లెం అనేచోట ఉన్నట్టే దేనితో చేశారో తెలుపుతుంది. ముందున్నది పదార్థమైనా ప్రయోజనమైనా, చివర నిలిచిన ప్లేటు పాత్రే.

పత్రికలలో తరచుగా కనిపించే ‘ప్లేటు ఫిరాయించడా’నికి భోజనంతో పని లేదు. గ్రామఫోను కాలంలో పాటల రికార్డునూ ప్లేటే అనేవారు, ఒక వైపు పాట అయ్యాక రెండో వైపుకు తిప్పేవారు. మాట మార్చేవాడికి ఆ ప్లేటే చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. తినే ప్లేటును తిరగేస్తే పులుసు ఒలకడం తప్ప వేరే అర్థం రాదు.

మీ బోర్డు దగ్గరికి వద్దాము. ఫుల్ మీల్సుకు కూడా స్టీలు ప్లేటు వేసి, దాని మీద గుండ్రంగా కోసిన అరిటాకు పరచి వడ్డించే హోటళ్లు మీ జిల్లాలోనే ఉన్నాయి, కాబట్టి మీ ప్రశ్న సహేతుకమే. కాని ‘ప్లేట్ మీల్స్’లో ప్లేటు పాత్రను చెప్పడం లేదు. ప్లేటు ఇడ్లీలో ఉన్న అర్థమే ఇక్కడా ఉంది: అన్నం, పప్పు, కూర, సాంబారు, పెరుగు ఒక్కసారి పెట్టినంత వరకే ఆ ధర అని. ‘ఫుల్’ అంటే కడుపు నిండా, అడిగినన్ని సార్లు అని. ‘పళ్లెం భోజనం’ అని రాయిస్తే ఈ లెక్క అర్థం పోయి, పళ్లెంలో పెట్టే భోజనం అనే అర్థం ఒక్కటే మిగులుతుంది. వచ్చినవారు రెండోసారి అన్నం అడిగి, లేదంటే గొడవ పడతారు, తప్పు వారిది కాదు. ‘పరిమిత భోజనం’ అర్థానికి సరిపోతుంది కాని ఆసుపత్రి చీటీలా ఉంటుంది, ఆకలితో వచ్చినవాడిని బోర్డు భయపెట్టకూడదు.

నన్ను అడిగితే ‘ప్లేటు భోజనం’, ‘ఫుల్ భోజనం’ అని రాయించండి. ‘మీల్స్’ ఉంచుకొన్నా దోషం లేదు. అది ఇంగ్లీషులో బహువచనమైనా, ‘ఒక మీల్స్’ అనే ఏకవచనంగా తెలుగు హోటళ్లలో ఎప్పుడో కుదురుకొంది. ‘ప్లేట్’ అని హలంతంగా (హల్లుతో ముగించి) కాక ‘ప్లేటు’ అని అజంతంగా (అచ్చుతో ముగించి) రాస్తే విభక్తులు చేర్చడానికి అనుకూలం. బహువచనం ‘నోటు, నోట్లు’ లాగా ‘ప్లేట్లు’ అవుతుంది. బోర్డు రాసేవారు కింద ‘అన్నం రెండవసారి వడ్డించబడదు’ అని రాస్తామంటారు, వద్దనండి. రెండోసారి పెట్టడానికి మనకు ‘మారు’ అనే చక్కని మాట ఉంది. ప్లేటు భోజనం ధర పక్కనే ‘మారు వడ్డన లేదు’ అని రాయిస్తే సరిపోతుంది.