పాల కవర్లు కడిగే నాన్న గురించి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మెసేజి రెండుసార్లు చదివాను. నాన్న పాల కవర్లు కడిగి దండెం మీద ఆరేస్తున్నాడని, ఈ మే ఎండల్లో కూడా ఏసీ వేయనివ్వడం లేదని రాశావు. నన్ను పట్టుకున్న మాట మాత్రం చివర్లో ఉంది. పాప కాగితానికి ఒకవైపే బొమ్మ గీసి పారేసిందని కసిరావట, తీరా కసిరాక అచ్చం నాన్నలాగే మాట్లాడానే అని భయమేసిందట. నాన్నను ఎట్లా మార్చాలి పెద్దమ్మా అని అడిగావు. ఆ పని పెట్టుకోవద్దు. ఆయన దగ్గర్నుంచి నీకొచ్చిన దాంట్లో పొదుపెంత, భయమెంత అన్నది ముందు తేల్చుకో.

ఆ భయం ఎక్కడ మొదలైందో నేను చూశాను. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటింది. అప్పటికి నువ్వు పుట్టలేదు. అల్లూరులో మీ ఇంటి కప్పు లేచిపోయింది. నారుమళ్లు మునిగి కుళ్లిపోయాయి. కౌలు చేను, మళ్లీ విత్తనాలకు అప్పు. పుట్టికి 850 కిలోల లెక్కన ధాన్యం తూచి అమ్మితే, ఆ డబ్బు ఇంటికి రాకముందే వడ్డీకి పోయేది. అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ మీ నాన్న చొక్కా కాలర్లు తిప్పి కుట్టించుకున్నాడు, శుభలేఖల వెనక లెక్కలు రాసుకున్నాడు. తర్వాత నీ ఇంజినీరింగు ఫీజుకు ఎవరి గడపా తొక్కలేదు. ఇదంతా ఆయన నీకు చెప్పి ఉండడు. కూర్చోబెట్టి అడుగు. పాప కూడా పక్కనుండాలి. కారణం తెలియని పిల్లలకు అది పీనాసితనంగానే కనిపిస్తుంది.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. మీ అక్క ఎనిమిదో తరగతి చదివేటప్పుడు అది ఏదడిగినా ‘ఇప్పుడెందుకు’ అనేదాన్ని. ఒకరోజు దాని లెక్కల నోట్సు తిరగేస్తే రెండు పేజీలు నిండుగా ఉన్నాయి, తర్వాతి పేజీలో తేదీ వేసి ఉంది, కింద అంతా ఖాళీ. మళ్లీ ఇంకో ఖాళీ. అడిగితే నోరు విప్పలేదు. దాని టీచరు చెప్పింది, బోర్డు కనబడక పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకుంటోందని, ఆ పిల్ల రాని రోజు తేదీ మాత్రం వేసి ఊరుకుంటోందని. ఏడాదిగా అదే వరస. ఇంటికొచ్చి గట్టిగా అడిగితే ‘కళ్లజోడుకు డబ్బులవుతాయి కదమ్మా’ అంది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. డబ్బు లేక కాదమ్మడూ, పోస్టాఫీసులో ఆర్డీ కడుతూనే ఉన్నాను. ఎందుకు దాస్తున్నానో బిడ్డకు చెప్పలేదు. ఎక్కడ వెనకాడకూడదో అసలే చెప్పలేదు.

అందుకని నీ ఇంట్లో ఈ మాట పైకి చెప్పు. కళ్లు, పళ్లు, మందులు, పుస్తకాలు, వీటికోసం అడగడానికి ఆలోచించొద్దని చెప్పు. నాలుగు నెలలుగా పంటినొప్పి ఓర్చుకుంటున్నావని మీ అమ్మ నాతో అంది. రేపే వెళ్లి చూపించుకో, పాపను వెంట తీసుకెళ్లు. నువ్వు చేసేదే అది నేర్చుకుంటుంది.

ఉంచుకోవాల్సినవి ఉంచుకో. కవర్లు కడగనీ, కాగితం రెండోవైపు వాడించు, కసరకుండా. నిన్నటి చేపల పులుసు ఇవాళ తింటే మనవైపు రుచి అంటారు గానీ పొదుపు అనరు, అట్లాంటివి పిల్లలకు బరువనిపించవు. పాపకు ఇంకా పదేళ్లు నిండలేదు కాబట్టి సుకన్య సమృద్ధి ఖాతా తెరువు. ఏడాదికి 250 రూపాయల నుంచి లక్షన్నర దాకా కట్టొచ్చు. 15 ఏళ్లు కడితే చాలు, తెరిచిన 21 ఏళ్లకు చేతికొస్తుంది. పాసుపుస్తకం మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయకు. కట్టిన ప్రతిసారీ పాప చేత చదివించు, ఆ డబ్బు దేనికో చెప్పు.

ఇక ఏసీ సంగతి. నాన్నతో వాదించకు, నలుగురిలో పిసినారి అనకు. ఆ మాటకు ఆయన ఎంత నొచ్చుకుంటాడో నాకు తెలుసు. ఆయన లేనప్పుడు దాచుకున్న డబ్బాలు, సంచులు పారేయకు. పది రోజులు 26 మీద పెట్టి రాత్రిపూట వేయి, పొద్దున్నే మీటరు రీడింగు ఆయన చేతనే శుభలేఖ వెనక రాయించు. మాట నమ్మడు గానీ అంకె నమ్ముతాడు. వడదెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరితే ఎంతవుతుందో పక్కనే రాసి చూపించు. ఒప్పుకోకపోతే ఇంకో పది రోజులాగి మళ్లీ అడుగు.

బడి తెరిచేలోపు పాపను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. బోర్డు కనబడుతోందా అని దాన్ని అడిగి, ‘ఆఁ’ అన్నదని ఊరుకోవద్దు.

మీ పెద్దమ్మ