కింది డివిజన్ ఐస్ హాకీ టోర్నీకి వాలంటీరుగా వెళ్లడం దండగా?

మీరు అడిగింది ఇది: యూరప్‌లో చదువుకుంటున్నారు, మీ ఊళ్లో అండర్-18 ఐస్ హాకీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ డివిజన్ 2 జరగబోతోంది, వాలంటీర్లు కావాలని యూనివర్సిటీకి మెయిల్ వచ్చింది. ఆట గురించి ఏమీ తెలియదు, పైగా కింది డివిజన్ అంటున్నారు, వారం రోజులు వృథా అవుతాయేమో అని మీ సందేహం.

వెళ్లండి. సరిగ్గా ఇలాంటి పరిస్థితిలోనే నేను వెళ్లాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. 2019 ఏప్రిల్‌లో లిథువేనియాలోని ఎలెక్ట్రెనాయ్ అనే ఊళ్లో అండర్-18 డివిజన్ 2 గ్రూప్ ఏ జరిగింది. నేను అప్పుడు కౌనస్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. నా క్లాస్‌మేట్ ఒకడు చిన్నప్పుడు హాకీ ఆడినవాడు, వాడే నా పేరు కూడా ఇచ్చేశాడు. అప్పటికి నాకు పక్ అంటే ఈ ఆటలో స్టిక్‌తో కొట్టే రబ్బరు బిళ్ల అని కూడా తెలియదు.

ఎలెక్ట్రెనాయ్ విల్నియస్‌కీ కౌనస్‌కీ మధ్యలో, హైవే పక్కన ఉండే చిన్న ఊరు. పేరులోనే కరెంటు ఉంది. సోవియట్ కాలంలో, 1960లలో, థర్మల్ ప్లాంటు కోసమే కట్టిన ఊరు అది. స్త్రేవ అనే చిన్న నదికి అడ్డంగా కట్ట వేసి, ప్లాంటు అవసరానికి పెద్ద చెరువు చేశారు. నేను పాల్వంచలో కేటీపీఎస్ అనే థర్మల్ ప్లాంటు క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. మా ప్లాంటుకు కిన్నెరసాని నీళ్లు. బస్సు దిగి ఆ చెరువు, అవతల ప్లాంటు, ఇవతల వరసగా ఒకే రకం బిల్డింగులు చూసేసరికి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇంటి నుంచి అంత దూరం వచ్చి మళ్లీ మా కాలనీలోనే దిగినట్టు అనిపించింది. ప్లాంటు కాలనీ అంటే ఉద్యోగుల పిల్లలు సాయంత్రమైతే ఏదో ఒక ఆట ఆడాలి. మాకు షటిల్ కోర్టు, వాళ్లకు ఐస్ రింక్. అంతే తేడా.

ఆ రింక్‌లో స్కేటింగ్ నేర్చుకున్న ఇద్దరు పిల్లలు తర్వాత అమెరికా వెళ్లి, అక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏళ్ల తరబడి ఆడారు. ఒకరు దారియుస్ కస్పరాయ్టిస్, ఇంకొకరు దైనియుస్ జుబ్రుస్. జుబ్రుస్ పన్నెండు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడాడు. దేశం మొత్తం బాస్కెట్‌బాల్ అంటే పడిచచ్చే చోట, పదీ పన్నెండు వేల జనాభా ఉన్న ఊరి నుంచి ఇద్దరు! ఊళ్లో ఏ షాపులో హాకీ మాటెత్తినా ఈ ఇద్దరి పేర్లు రాకుండా ఉండవు.

ఇక డివిజన్ సంగతి. అండర్-18లో పైన ఉండేది టాప్ డివిజన్, అందులో 10 జట్లు. కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్ లాంటివి అక్కడ ఆడతాయి. దాని కింద డివిజన్ 1 గ్రూప్ ఏ, గ్రూప్ బీ, ఒక్కోదానిలో ఆరేసి జట్లు. ఆ తర్వాత డివిజన్ 2, అందులోనూ ఏ, బీ. ఇంకా కింద డివిజన్ 3. అంటే నేను చూసిన గ్రూప్ నాలుగో మెట్టు. ఆరు జట్లూ ఒకదానితో ఒకటి ఆడతాయి, కాబట్టి ఒక్కో జట్టుకు వారంలో ఐదు మ్యాచ్‌లు, మొత్తం 15. సెమీఫైనల్, ఫైనల్ లాంటివేమీ ఉండవు. అరవై నిమిషాల్లో గెలిస్తే 3 పాయింట్లు. సమానంగా ముగిస్తే చెరొక పాయింటు, ఆ పైన అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో గెలిచినవాళ్లకు ఇంకొకటి. చివరికి మొదటి స్థానంలో ఉన్నవాళ్లు ఒక మెట్టు పైకి, ఆఖరి స్థానంలో ఉన్నవాళ్లు ఒక మెట్టు కిందికి.

ఇన్ని మెట్లు ఎందుకంటే, లేకపోతే ఏమవుతుందో ఒకసారి జరిగి చూపించింది. 1998లో ఆసియా ఓషియానియా అండర్-18 టోర్నీలో దక్షిణ కొరియా థాయ్‌లాండ్‌ను 92-0తో ఓడించింది. ఒక్క కొరియా కుర్రాడే 31 గోల్స్ కొట్టాడు. రికార్డుల పుస్తకాల్లో ఇది వింతలాగా చెబుతారు గానీ, నాకు మాత్రం ఆ రోజు థాయ్‌లాండ్ గోలీ, అంటే గోల్‌కీపర్, ఎవరో, ఎలా నిలబడ్డాడో అన్నదే గుర్తొస్తుంది. అదే కొరియా ఇరవై ఏళ్ల తర్వాత, 2018లో, పెద్దవాళ్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ టాప్ డివిజన్‌లో ఆడింది. మెట్లున్నాయి కాబట్టి ఎక్కగలిగింది. తనకు సరిజోడైనవాళ్లతో ఆడితేనే ఏ పిల్లాడికైనా ఆట వస్తుంది.

పని విషయానికొస్తే, మొదటి మూడు రోజులూ నాది పరుగుల పని. జట్టు బస్సు వస్తే తలుపు దగ్గర నిలబడి డ్రెస్సింగ్ రూమ్ చూపించడం, నీళ్లు, టవళ్లు, స్కేట్స్‌కు పదును పెట్టే మిషన్ దగ్గరికి దారి చూపించడం. ఒక్క మాట ముందే చెబుతాను, డ్రెస్సింగ్ రూమ్ వాసన భరించడం కష్టం. చెమటతో తడిసిన ప్యాడ్లు, గ్లోవ్స్ పొద్దుటి ప్రాక్టీస్‌కీ సాయంత్రం మ్యాచ్‌కీ మధ్య పూర్తిగా ఆరవు. తడివే మళ్లీ వేసుకుంటారు పిల్లలు. రెండో రోజుకల్లా నాకు అలవాటైపోయింది.

నాలుగో రోజు ఒకమ్మాయికి జ్వరం రావడంతో నన్ను పెనాల్టీ బాక్స్ తలుపు దగ్గర కూర్చోబెట్టారు. ఈ టోర్నీలో నాకు దొరికిన అదృష్టం అదే. తప్పు చేసిన ఆటగాడు రెండు నిమిషాలు ఆ బాక్స్‌లో కూర్చోవాలి, అంతవరకూ అతని జట్టు ఒకడు తక్కువతో ఆడాలి. టైమ్ అయిపోగానే తలుపు తీయడం నా పని. ఒక్క క్షణం ముందు తీసినా తప్పే, ఒక్క క్షణం ఆలస్యమైనా తప్పే. పక్కనే స్కోరు టేబుల్, దాని కింద చిన్న ఐస్ బాక్స్, అందులో పక్‌లు. రబ్బరు బిళ్ల వెచ్చగా ఉంటే మంచు మీద ఎగురుతుందని, ఆటకు ముందు గడ్డకట్టిస్తారు. లైన్స్‌మన్ చేయి చాపితే ఒకటి తీసి ఇవ్వాలి. మన అరచేతిలో పట్టేంత ఉంటుంది, 170 గ్రాముల లోపే బరువు, కానీ చేతిలో పడగానే రాయిలాగా అనిపిస్తుంది. అది రింక్ చుట్టూ ఉండే బోర్డుకు తగిలినప్పుడు వచ్చే చప్పుడు టీవీలో వినపడేది కాదు. పక్కన కూర్చుంటే పళ్లలో తెలుస్తుంది.

ఒక మ్యాచ్ చెప్పాలి. ఏ జట్లో, స్కోరెంతో రాయను, వాళ్లప్పుడు పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. మూడో పీరియడ్ చివరలో ఒక కుర్రాడు ఎదుటివాణ్ణి స్టిక్‌తో పడేసి నా బాక్స్‌లోకి వచ్చాడు. ఈ వయసువాళ్లకు ముఖమంతా కప్పే గ్రిల్ తప్పనిసరి, అందుకని వాడి ముఖం సరిగ్గా కనపడలేదు. ఊపిరి మాత్రం గ్రిల్ లోంచి పొగలాగా వస్తోంది. కూర్చోలేదు. తలుపు పట్టుకుని నిలబడి, ఆటను చూడకుండా తలెత్తి గడియారాన్నే చూస్తున్నాడు. ఒకటీ నలభై. ఒకటీ ముప్పై. వాళ్ల భాషలో ఏదో గొణుగుతున్నాడు, మా అమ్మమ్మ దండకం చదివినట్టు ఆగకుండా. ముప్పై సెకన్లుండగా గోల్ పడింది. ఒకడు తక్కువున్నప్పుడు ఎదుటివాళ్లు గోల్ కొడితే ఆ శిక్ష అక్కడితో ముగిసిపోతుంది, కాబట్టి తలుపు తీయాలి. తీశాను. వాడు వెంటనే వెళ్లలేదు. నా వైపు చూసి 'సారీ' అన్నాడు. నాకెందుకు చెప్పాడో తెలియదు. అక్కడ దగ్గరగా ఉన్న మనిషిని నేనే కదా, అందుకే అయ్యుంటుంది.

మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ నీలం గీతల మీద ఎదురెదురుగా వరసగా నిలబడతాయి. గెలిచిన దేశం జాతీయగీతం మాత్రమే వేస్తారు, ఓడినవాళ్లు హెల్మెట్ తీసి అది పూర్తయ్యేదాకా వినాలి. ఒక్కో జట్టులో ఆ రోజు బాగా ఆడినవాడికి చిన్న బహుమతి ఇస్తారు, ఓడిన జట్టులోనూ ఇస్తారు. ఆ తర్వాత చేతులు కలుపుతారు. చాలా గోల్స్ ఇచ్చిన గోలీకే ఆ బహుమతి రావడం నేను చూశాను, ఎందుకంటే వాడు లేకపోతే ఇంకా ఎన్నో పడేవి. ఆ పిల్లాడు తీసుకోవడానికి వెళ్తుంటే ఎదుటి జట్టువాళ్లు స్టిక్‌లతో మంచు మీద కొట్టారు. హాకీలో చప్పట్లు అంటే అదే. పై డివిజన్‌లో కూడా ఇదే పద్ధతి, కానీ ఇక్కడ స్టాండ్స్ సగం ఖాళీగా ఉంటాయి కాబట్టి ఆ చప్పుడు రింక్ మొత్తం తిరిగి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి నాకు ఆఖరి రోజు దాకా తెలియలేదు. మీకు ముందే తెలిస్తే టోర్నీ వేరేగా కనిపిస్తుంది. ఇది వయసును బట్టి ఆడే టోర్నీ. 2019లో ఆడాలంటే 2001లోనో ఆ తర్వాతో పుట్టి ఉండాలి. అంటే ఆ 2001 పిల్లలకు అదే ఆఖరి అండర్-18. ఆఖరి స్థానంలో నిలిచి జట్టు కిందికి దిగితే, ఆ కింది గ్రూప్‌లో ఆడాల్సింది వాళ్లు కాదు, వచ్చే ఏడాది జట్టులోకి వచ్చే తమ్ముళ్లు. గెలిచి పైకెళ్లినా అంతే, ఆ పై గ్రూప్‌లో ఆడేది వేరేవాళ్లు. తమకు దక్కని దాని కోసం ఆ పెద్ద పిల్లలు పక్‌కు అడ్డంగా పడుకుంటారు, కాళ్లకు తగిలించుకుంటారు. మా క్లాస్‌మేట్ ఇది చెప్పినప్పుడు మామూలుగానే చెప్పాడు, వాడి కాలంలో వాళ్ల సీనియర్లు అలా నిలబెట్టిన గ్రూప్‌లోనే తను ఆడానని. నేను ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. మా కాలనీలో సీనియర్లు టెన్త్ అయిపోయి వెళ్లిపోతూ నెట్, బ్యాట్లు మాకు వదిలేసి వెళ్లేవాళ్లు. ఇదీ అలాంటిదే.

అందుకని ఆఖరి రోజు ఛాంపియన్ ఎవరో తేల్చే మ్యాచ్ మాత్రమే చూసి వచ్చేయకండి. పాయింట్ల పట్టిక చూడండి, ఎవరు కిందికి దిగుతారో ఏ మ్యాచ్‌తో తేలుతుందో కనుక్కోండి, దానికి తప్పకుండా ఉండండి. ఆతిథ్య దేశం మ్యాచ్ సాయంత్రం పెడతారు, జనం దానికే వస్తారు. దిగేవాళ్లను తేల్చే మ్యాచ్ పట్టపగలు, తల్లిదండ్రులు ఓ ముప్పై మంది మాత్రమే ఉండగా జరిగిపోవచ్చు. అక్కడ మీ ఒక్కరి చప్పట్లు కూడా లెక్కలోకి వస్తాయి.

ఈ స్థాయిలో ఆడినవాళ్లు ఎక్కడికీ చేరరు అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంగ్లండ్‌లోని మాల్ట్‌బీకి చెందిన లియమ్ కిర్క్ బ్రిటన్ తరఫున డివిజన్ 2 కుర్రాళ్ల టోర్నీల్లోనే ఆడాడు. 2018లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు అరిజోనా అతన్ని, కొత్త కుర్రాళ్లను జట్లు పంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంచుకుంది. 2021లో పెద్దవాళ్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 7 గోల్స్ కొట్టాడు. అయితే ఎక్కువమంది విషయంలో ఇలా జరగదు, అదీ నిజమే. ఆ పిల్లల్లో చాలామంది ఏప్రిల్‌లో ఆడి, మళ్లీ వచ్చి స్కూలు పరీక్షలు రాస్తారు. హోటల్ లాబీలో లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చున్న ఒక డిఫెన్స్ ఆటగాడికి ఇంటిగ్రేషన్ లెక్క ఒకటి నేనే చెప్పాను.

మన దేశం సంగతి ఒక్క మాట. భారత్ 1989 నుంచే అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో సభ్యురాలు. లదాఖ్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద పిల్లలు ఆడతారు, మన అమ్మాయిల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం కూడా గెలిచింది. కానీ నేను చెప్పిన ఈ అండర్-18 మెట్ల మీద మన జట్టు ఇంకా లేదు. ఆ వారమంతా ఆరు జెండాలు చూస్తూ నాకు ఈ బాధ ఉండేది. మన పిల్లలు ఆఖరి మెట్టు మీదైనా నిలబడితే చాలు, సెలవు పెట్టి మరీ వెళ్తాను.

ఆట గురించి మీకు ముందుగా తెలియాల్సింది చాలా తక్కువ. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు, మధ్యలో పదిహేను నిమిషాల విరామం. ఒక్కో జట్టు నుంచి ఐదుగురు, ఒక గోలీ. ఆటగాళ్లు ముప్పావు నిమిషానికోసారి మారిపోతుంటారు, అలసట అంతలా ఉంటుంది. పక్ కంటే ముందు ఆటగాడు నీలం గీత దాటి ఎదుటివాళ్ల వైపు వెళ్తే ఆఫ్‌సైడ్. మిగతాది రెండు మ్యాచ్‌లు చూస్తే కళ్లే నేర్చుకుంటాయి.

బయట వసంతం వచ్చినా లోపల మంచు మంచే. థర్మల్స్, రెండు జతల సాక్స్, మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి, స్పోర్ట్స్ షూస్‌తో వెళ్తే గంటలో పాదాలు మొద్దుబారిపోతాయి. టిఫిన్ బాక్స్ తీసుకెళ్లండి, మీరు శాకాహారి అయితే మరీ ముఖ్యం. మెయిల్‌కు జవాబు రాసేటప్పుడు పెనాల్టీ బాక్స్ తలుపు దగ్గర పని దొరుకుతుందా అని అడగండి. వాళ్లు ఔనంటే గ్లోవ్స్ మర్చిపోవద్దు. ఆ తలుపు గొళ్లెం ఇనుపది, రెండు నిమిషాలూ దాని మీద చెయ్యి వేసే కూర్చోవాలి.